తడ నీళ్ల మీద వేసిన నింద

డాక్టరింట్లో సముద్రం చచ్చిపోయింది నా వల్ల. మాట పడింది మాత్రం తడ నుంచి నీళ్లు తెచ్చిన మనిషి. ఈ రెండు ముక్కలూ ముందే రాసేస్తున్నాను. చివరిదాకా దాచి చెప్పేదానికి ఇదేం కథ కాదు. ఒకసారి దాచినందుకే ఇంత అయింది.

నేను మోటారు మేస్త్రీని. చిత్తూరు పక్కన మామిడి తోటలకు బావులు తవ్వే ఇంట్లో పుట్టినాను. నాయన బావిలోకి దిగితే పైన తాడు పట్టుకునేది నా పని. బడి మొహం చూడలేదు. ఆయిల్ ఇంజన్లు వచ్చినాయి, వాటి వెనకాలే కరెంటు మోటార్లు వచ్చినాయి. ఒకరు విప్పుతుంటే చూసి విప్పేది నేర్చుకున్నాను, బిగిస్తుంటే చూసి బిగించేది నేర్చుకున్నాను. ముప్పై దాటేసరికి తిరుపతిలో సొంతంగా ఒక రేకుల షెడ్డు పెట్టుకున్నాను.

నాకు చదువు రాదని షెడ్డుకు వచ్చేవాళ్లలో ఒక్కరికీ తెలీదు. తెలియకుండా చూసుకునేవాణ్ణి. కండ్లద్దాలు మరిచి వచ్చినానని చెప్పడం అందరికీ తెలిసిన అబద్ధం, అది నేను చెప్పేవాణ్ణి కాదు. ఎవరన్నా కాగితం ఇస్తే తీసుకొని, పై నుంచి కిందిదాకా కన్ను నడిపించి, మధ్యలో ఒకచోట ఆగి, కనుబొమ్మ ఎగరేసి, "ఊ" అని మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. ఆ మధ్యలో ఆగడమే కిటుకు. ఆగినవాడు చదివినాడనే అనుకుంటారు. ఇంటికిపోయినాక నా భార్య చేత చదివించుకోవచ్చు, ఆమె ఐదో తరగతి దాకా చదివింది. కానీ ఆమెను అడగాలన్నా నాకు నామోషీ. నూటికి తొంభై కాగితాల్లో ఏముంటుందో నాకు ముందే తెలిసేది. ఎంత లోతు, ఎన్ని అంగుళాల పైపు, ఎప్పటికి కావాల. నోటితో అడిగి తెలుసుకోలేనిది కాగితంలో ఏముంటుందనే పొగరు ఒకటి.

ఎనభైల మొదట్లో ఒక పిల్లల డాక్టరు నన్ను ఇంటికి పిలిపించినాడు. బోరు పని అనుకొని గొలుసు, స్పానర్లు తీసుకొని పోయినాను. ఆయన నన్ను హాల్లోకి తీసుకుపోయి ఒక గోడ చూపించినాడు.

"మేస్త్రీ, ఈ గోడ పొడుగునా ఒక తొట్టి కట్టాల. ముందరి పక్క అద్దం. లోపల సముద్రం."

"చేపల తొట్టా సార్?"

"చేపలు ఎవరైనా పెడతారు. నేను పెట్టేది రాళ్లు."

నేను ఆయన భార్య వైపు చూసినాను. ఆమె నవ్వు ఆపుకుంటా ఉండింది. "నన్ను చూడొద్దు మేస్త్రీ, నేనూ అట్లే అనుకున్నాను," అనింది.

అవి ఉత్త రాళ్లు కావంట. పగడపు రాళ్లంట. పగడమంటే ఉంగరంలో పెట్టుకునేదనే నాకు తెలుసు. అది ప్రాణమున్నదనీ, రాయి మీద ఆవగింజంత పురుగులు వేలకు వేలు కూర్చోని ఉంటాయనీ, నీళ్లు కదలకపోతే ఊపిరాడక చస్తాయనీ డాక్టరు చెప్పినాడు. రాళ్లు దక్షిణాన రామేశ్వరం పక్క నుంచి తెప్పిస్తానన్నాడు. ఇప్పుడు ఆ పని చేస్తే కేసు పెడతారు. అప్పుడు అడిగేవాళ్లు లేరు. "రాత్రీ పగలూ నీళ్లు తిరగాల, తిరిగిన నీళ్లు శుభ్రపడి రావాల. అదెట్లనేది నీ పని," అన్నాడు.

నేను వారం రోజులు దాన్ని గురించే తలకాయ పగలగొట్టుకున్నాను. బావిలో నీళ్లు పైకి తెచ్చి వదిలేస్తే మన పని అయిపోతుంది, అవి యాడికి పోతాయో రైతు చూసుకుంటాడు. ఇక్కడ వదిలిన నీళ్లే మళ్లీ రావాల. నేల మీద బొగ్గుతో గీసి గీసి చివరికి ఒక దారి పట్టుకున్నాను. హాల్లో తొట్టి నిండి పొర్లిన నీళ్లు గోడలో పెట్టిన పైపు గుండా పెరట్లో గుంతతొట్టికి పోతాయి. అక్కడ గులకరాళ్లు, వాటి మీద బొగ్గు, దాని మీద పగలగొట్టిన ఆల్చిప్పలు, అన్నిటి మీద జల్లెడ పట్టిన ఇసుక. వాటి గుండా దిగి, అడుగున చేరిన నీళ్లను పంపు మిద్దె మీది తొట్టికి ఎక్కిస్తుంది. మిద్దె మీద నుంచి వాటంతట అవే హాల్లోకి జారతాయి. ఆ కాలంలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కరెంటు పోయినా మిద్దె మీది నీళ్లు మూడు గంటలు సన్నగా పారుతూనే ఉంటాయి. ఇది నా బుర్రలోంచి వచ్చిన ఆలోచన. దానికి డాక్టరు నా వీపు తట్టినాడు.

ఒక చిక్కుంది. కరెంటు పోయినప్పుడు మిద్దె మీది నీళ్లన్నీ హాల్లోకి దిగుతాయి, హాలు తొట్టి పట్టలేక పెరట్లోకి తోస్తుంది. గుంతతొట్టి అన్నిటినీ పట్టాల. పట్టకపోతే పెరడు మునుగుతుంది, పెరడు వైపు దారి మూసుకుపోతే హాలే మునుగుతుంది. బిందెలతో కొలిచి, బిందెకొక గులకరాయి పక్కన పెట్టి లెక్క కట్టి, గుంతతొట్టిని మొదట అనుకున్నదానికి రెండింతలు చేసినాను. మామూలు నీళ్లు నింపి, పంపు తిప్పి, డాక్టరు దంపతుల ముందర ఫ్యూజు పీకేసినాను. ముగ్గురం గుంతతొట్టి చుట్టూ నిలబడినాం. నీళ్లు పెరుగుతా వచ్చి అంచుకు నాలుగు వేళ్ల కింద ఆగిపోయినాయి.

"నా హాలు మునిగుంటే నిన్ను ఆ రాళ్లతో పాటు తొట్టిలో వేసుందును మేస్త్రీ," అనింది డాక్టరు భార్య.

"నేను ఉప్పు నీళ్లలో బతకను అమ్మా."

"అందుకే కదా."

అంత బాగా నడిచిన పని అది. మిద్దె మీది తొట్టి ఎండకు కాగకుండా పైన పందిరి వేసి, చుట్టూ గోనెపట్టలు కట్టి తడుపుతా ఉండమని చెప్పింది కూడా నేనే.

కాగితం ఇచ్చింది ఆ వారంలోనే. మద్రాసులో చేపల చదువు చెప్పే ఆయనొకరు డాక్టరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసినాడు, ఏది చెయ్యాల, ఏది చెయ్యకూడదు అని. డాక్టరు అందులో నాకు కావాల్సిన మాటలన్నీ ఏరి తెలుగులో రాసి ఇచ్చినాడు. రోజుకు నూరు మంది పిల్లల్ని చూసే మనిషి, నా కోసం కూర్చోని రాసినాడు. "అంతా ఇందులో ఉండాది మేస్త్రీ. చదువుకో. కుదరనిది ఏదన్నా ఉంటే చెప్పు," అన్నాడు. నేను కన్ను నడిపించినాను. మధ్యలో ఆగినాను. "ఊ" అన్నాను. మూడు రోజులకు, "అన్నీ కుదురుతాయి సార్," అన్నాను.

పంపు ఆయనే మద్రాసు నుంచి తెచ్చినాడు. ఫ్యాక్టరీల్లో ఆసిడ్ తోడే పంపు, నీళ్లు తగిలేదంతా ప్లాస్టిక్. నాకు నవ్వొచ్చింది. ఉప్పు నీళ్లకు ఇనుము తుప్పుపడుతుందని కొన్నాడేమో అనుకున్నాను. "దీన్ని అడక్కుండా మార్చొద్దు. ఒక మేకు వెయ్యాలన్నా నన్ను అడుగు," అన్నాడు. సరే అన్నాను.

నీళ్లు తెచ్చే మనిషి తడ పక్క, సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చేవాడు. వాళ్లింట్లో అరవం మాట్లాడతారు, మాతో తెలుగు. వారానికి రెండుసార్లు పీతలు, రొయ్యలు చిన్న వ్యానులో వేసుకొని తిరుపతికి తెచ్చేవాడు. చేపల గంపలతో పాటు ఆరు డ్రమ్ముల సముద్రపు నీళ్లు ఆ వ్యానులోనే వచ్చేవి. తొట్టి నిండేదానికి చాలా నాళ్లు పట్టింది. నిండినాక నెలకొకసారి కొంచెం తీసి కొత్తవి పోసేది. సరస్సు నీళ్లు పనికిరావు, వానొస్తే చప్పబడిపోతాయని అతను చెప్పినాడు. తనూ, వాళ్ల అన్నా కలిసి పడవ వేసుకొని సరస్సు దాటి, సరస్సు సముద్రంలో కలిసే మొగ గుండా బయటికి పోయి, రెండు నిలువుల లోతు దాటినాక ముంచుకొచ్చేవాళ్లు. అన్న పడవ నడుపుతాడు, డ్రమ్ములు కడిగేదీ అన్నే. కొబ్బరి నూనె డ్రమ్ములు, సీకాయతో రుద్ది, మూడు దినాలు ఎండబెట్టినవి.

అతను వచ్చిన ప్రతిసారీ తొట్టిలో వేలు పెట్టి నాలిక్కి రాసుకునేవాడు.

"ఉప్పు తగ్గింది అమ్మా. రసంలో వేసుకున్నారా?"

"నీ రొయ్యలకే వేసినాం," అనేది ఆమె.

తొట్టి ఎనిమిది నెలలు బతికింది. దాని ముందర కూర్చోని చూసినవాళ్లకు తప్ప అదెట్లుండేదో చెప్పినా తెలీదు. రాయి మీది పురుగులు పొద్దున ముడుచుకొని ఉండి, పొద్దెక్కే కొద్దీ వేళ్లు చాచేవి. చేతి వెడల్పు పువ్వు ఒకటి ఉండేది, పువ్వు కాదు, అది కూడా జంతువే, దాని మధ్యలో, దాంతో పాటే వచ్చిన రెండు చేపలు కాపురం పెట్టినాయి. నేను పంపు చూడాలనే సాకుతో వారానికి రెండుసార్లు పోయి ఊరికే కూర్చునేవాణ్ణి. నేను తిప్పిన నీళ్లలో అవి ఊగుతా ఉంటే, నా జన్మలో నేను చేసిన పని ఇదొక్కటే అనిపించేది.

ఎండాకాలం వచ్చింది. డాక్టరు ఢిల్లీలో ఏదో మీటింగని పది దినాలు పోయినాడు. ఆయన పోయిన రెండో రోజు మధ్యాహ్నం వోల్టేజి పడిపోయి, పంపు నీళ్లు లాగకుండా ఉత్తగా తిరిగి, వేడికి లోపలి ప్లాస్టిక్ ఫ్యాను మెత్తబడి వంకరపోయింది. డాక్టరు భార్య మనిషిని పంపింది. పోయి విప్పి చూసినాను. విడి భాగం మద్రాసులో తప్ప దొరకదు, తెప్పించేదానికి వారం పడుతుంది. మిద్దె మీద నీళ్లు మూడు గంటలకు మించి లేవు.

"చస్తాయా మేస్త్రీ?" అనింది ఆమె.

"నేనుండగా చావవు అమ్మా."

షెడ్డుకు పరిగెత్తినాను. నా దగ్గర ఒక పంపు ఉండేది, అమ్మకానికి పెట్టింది కాదు, నా కోసం దాచుకున్నది. లోపలి ఫ్యాను, బుష్షులు, వాల్వు అన్నీ ఇత్తడి. మా పనిలో ఇత్తడికి మించినది లేదు. తుప్పు పట్టదు, ఇరవై ఏండ్లు అరగదు. ఇంట్లో తాగే నీళ్లు రాగి చెంబులో పెడతాం, దేవుడి నీళ్లు రాగి పాత్రలో పెడతాం. డాక్టరు ఇంట్లోకి, అంత నాజూకు ప్రాణాలకు పెడుతున్నానని, దాన్ని ఊరికే పెట్టలేదు. నా భార్య దగ్గర చింతపండు, ఉప్పు తీసుకొని నేనే కూర్చోని రుద్దినాను. పాత మురికంతా పోయి కొత్త పెండ్లికూతురు ముక్కుపుడక మాదిరి మెరిసింది. ఆ మెరుపు చూసి మురిసిపోయినాను. తీసుకుపోయి బిగించినాను. నీళ్లు ఎగదన్ని లేచినాయి.

"బాగుచేసినాను అమ్మా," అని మాత్రమే చెప్పినాను. పంపే మార్చినానని చెప్పలేదు. సార్ వచ్చేలోపల విడి భాగం తెప్పించి మళ్లీ పాతది పెట్టేద్దామనుకున్నాను. అడక్కుండా మార్చినావా అనే మాట రాకుండా అయిపోతుంది కదా అని.

మరుసటి రోజు తడ నుంచి నీళ్లొచ్చినాయి. ఎప్పుడూ వచ్చేవే. ఆ తరవాతి మూడో రోజు పువ్వు ముడుచుకుంది. తెరుచుకోలేదు. రాళ్ల మీది పురుగులు వేళ్లు లోపలికి లాక్కున్నాయి. ఆరో రోజుకు రాళ్ల మీంచి జిగురు కారడం మొదలైంది. రాళ్లతో పాటు వచ్చిన చిన్న రొయ్యలు అడుగున వెల్లకిలా పడినాయి. నేను పోయి పంపు ఇంకొంచెం జోరుగా తిప్పినాను, గాలి చాలడం లేదేమోనని. జోరుగా తిప్పేకొద్దీ ఇత్తడి మీంచి ఎక్కువ నీళ్లు పోయినాయని ఇప్పుడు తెలుసు.

డాక్టరు వచ్చేసరికి తొట్టి కంపు కొడతా ఉండింది. ఆయన అరవలేదు. అద్దానికి నుదురు ఆనించి కొంచెం సేపు నిలబడినాడు. ఆ సాయంత్రమే తడ మనిషి పీతల గంపతో వచ్చినాడు. పాపం, వేలు పెట్టి రుచి చూసేదానికి తొట్టి దగ్గరికి పోయి, అట్లే నిలబడిపోయినాడు.

"ఈసారి డ్రమ్ములు యాడివి?" అన్నాడు డాక్టరు.

"ఎప్పటివే సార్."

"డీజిలు పట్టినవి తెచ్చినావు."

"లేదు సార్. మా అన్న కడిగినాడు. మూడు దినాలు ఎండబెట్టినాడు."

"నువ్వు చూసినావా ఎండబెట్టేది?"

అతను ఒక్క క్షణం ఆగినాడు. ఆ వారం అతను మేనమామ ఇంటికి పోయుండినాడు, చూడలేదు. ఆగినందుకే డీజిలు మాట నిజమని డాక్టరు నమ్మేసినాడు. అతన్ని వీధి వాకిట్లోకి నడిపించి, నలుగురూ చూస్తా ఉండగా, "ప్రాణాలతో ఆడుకుంటారా మీరు, కక్కుర్తి మనుషులు," అన్నాడు. ఆయన నోట్లోంచి అట్లాంటి మాట అంతకు ముందు నేను వినలేదు. తర్వాత, వెనకాలే వచ్చిన నా వైపు తిరిగినాడు.

"మేస్త్రీ, నువ్వేమన్నా మార్చినావా?"

ఇత్తడి చంపుతుందని నాకప్పుడు తెలీదు. ఇది రాస్తున్నది నన్ను కాపాడుకునేదానికి కాదు. తెలీదు గానీ అనుమానం గుచ్చింది. మార్చినానంటే, 'కాగితంలో నేనేం రాసిచ్చినాను?' అంటాడు. కాగితం తియ్యమంటాడు. ఏ ముక్క యాడుందో చూపించమంటాడు.

"లేదు సార్," అన్నాను.

తడ మనిషి నా వైపు చూసినాడు. నేను ఏదన్నా తన పక్క మాట్లాడతానని చూసినాడు. మేం ఎనిమిది నెలలుగా ఒకే బీడీకట్ట పంచుకున్న వాళ్లం. నేను పెరట్లోకి పోయినాను, పంపు కట్టేసి దాని మీద గోనెపట్ట కప్పేదానికి.

ఆ వారంలో నా భార్య చేత కాగితం చదివించుకున్నాను. అన్నం తిని ఆమె ముందర పెట్టినాను. "ఇదేంది, ఇన్నాళ్లకు?" అనింది. ఒక్కొక్క మాటా చదువుతా వచ్చింది. ఇసుక గురించి, ఆల్చిప్పల గురించి, ఎండ గురించి. అన్నీ నేను చేసినవే. నాలుగో మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. రాగి, ఇత్తడి, కంచు ఏదీ నీళ్లకు తగలకూడదు, చిన్న ముక్క తగిలినా రాళ్ల మీది ప్రాణాలన్నీ చస్తాయి, అందుకే ప్లాస్టిక్ పంపు.

"ఏమయ్యా," అనింది, "చింతపండు అందుకేనా అడిగినావు?"

నేను కాగితం తీసుకొని మడిచినాను.

"ఆ మనిషికి చెప్పాల కదా."

"చెప్తాలే మే."

చెప్పలేదు. మద్రాసు నుంచి వచ్చిన విడి భాగం వేసి ప్లాస్టిక్ పంపును యథాస్థానంలో పెట్టి, నా ఇత్తడి పంపు తెచ్చుకున్నాను. తొట్టి ఎండబెట్టేసినారు. తడ వ్యాను ఆ వీధికి రావడం మానేసింది. డాక్టరు మాట తిరుపతిలో చెల్లే మాట. ఆయన ఇంటికి రొయ్యలు మానేస్తే ఆ వీధిలో ఇంకో పది ఇండ్లు మానేసినాయి.

నేను చదువు నేర్చుకున్నది ఆ తర్వాతే. గొప్పేం లేదు. నా భార్య పొయ్యి దగ్గర కూర్చోని, పలక మీద రాసిస్తే దిద్దేవాణ్ణి. నలభై నాలుగు నాకప్పుడు. ఒత్తులు రావడానికే మూడు నెలలు పట్టింది. ఆమె తిట్టేది కాదు, అది ఇంకా కష్టంగా ఉండేది. బస్సు బోర్డు చదవగలిగిన రోజున ఇంటికొచ్చి చెప్పినాను. ఆమె గిన్నె దించుతా, "సరే. ఇంక చదవడం రాదనే సాకు కూడా లేదు నీకు," అనింది.

అప్పటికి పద్నాలుగు నెలలైంది. సూళ్లూరుపేటలో ఒక బియ్యం మిల్లుకు మోటారు బిగించే పని వచ్చింది. అక్కడి నుంచి తడ ఎంతో దూరం లేదు. పని మధ్యాహ్నానికే అయిపోయింది. తిరుపతి బస్సు నిలబడి ఉంది, తడ బస్సు నిలబడి ఉంది. రెండు బోర్డులూ చదివినాను. తడ బస్సెక్కినాను.

పల్లెలో అడిగితే ఇల్లు చూపించినారు. అతను అరుగు మీద వలకు సీసం పూసలు గుచ్చుతా ఉన్నాడు. వ్యాను కనపడలేదు.

"ఏం మేస్త్రీ, దారి తప్పినావా?"

నిలబడే చెప్పినాను. ప్లాస్టిక్ పంపు, ఇత్తడి పంపు, కాగితం, చదవడం రాకపోవడం, లేదు సార్ అనడం. ఒకటీ దాచలేదు. అతను పూసలు కింద పెట్టినాడు. కొడతాడనుకున్నాను. కొట్టుంటే బాగుండు.

"నడు," అన్నాడు.

పది ఇండ్ల అవతల ఇంకో గుడిసె. వాకిట్లోకి రాకుండా దడి దగ్గరే నిలబడినాడు. "నేను లోపలికి రాను. మా అన్న ఉంటాడు. చెప్పు. గట్టిగా చెప్పు, నాకు ఈడికి వినపడాల."

లోపల నలభై, నలభై ఐదేండ్ల మనిషి గోడకు ఆనుకొని కూర్చోని వల కుడతా ఉన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పినాను, గట్టిగా. నా గొంతు నాకే ఎవరిదో మాదిరి వినపడింది. ఆయన చెయ్యి ఆపలేదు. అంతా అయినాక అడిగినాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"వారానికే."

"వారానికే," అన్నాడు. వల పక్కన పెట్టినాడు. "వాడు తిరుపతి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే నా మీద పడినాడు. డీజిలు డ్రమ్ము యాడ తెచ్చినావని. కడగలేదన్నాడు. ఎండబెట్టలేదన్నాడు. నేను కడిగినాననే చెప్పినాను. నమ్మలేదు. పడవ నాకు, వ్యాను వాడికి అని పంచుకున్నాం. పడవ లేని వ్యాను ఏం చేసుకుంటాడు, అమ్ముకున్నాడు. మా అమ్మ ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగేది, మాట్లాడుకోండ్రా అని. పోయి ఏడు నెలలైంది. పాడెకు నేను ముందర, వాడు వెనక. ఒక్క మాట లేదు."

నేను లెక్క కట్టినాను. అక్కడ నిలబడి కూడా లెక్కే కట్టినాను. ఏడు నెలల ముందు వచ్చుంటే. ఎనిమిది నెలల ముందు వచ్చుంటే.

"తప్పయిపోయింది అన్నా," అన్నాను.

"నాకు చెప్పినావు, సరే. మా నీళ్లు చెడ్డవన్న మాట పుట్టింది ఈడ కాదు. ఆ ఇంట్లో. పోయి ఆడ చెప్పు."

దడి అవతల తమ్ముడు లేడు. ఎంతవరకు విన్నాడో, ఎప్పుడు పోయినాడో తెలీదు.

మరుసటి పొద్దున డాక్టరు ఆస్పత్రిలో, దగ్గుతా ఏడుస్తా ఉన్న పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోని నా వంతు వచ్చినాక లోపలికి పోయినాను. మూడోసారి చెప్పడం. మూడోసారైనా సులువు కాలేదు. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టినాడు.

"చదవడం రాదని ఒక్క మాట చెప్పుంటే నేనే చదివి వినిపించేవాణ్ణి కదయ్యా. రెండు నిమిషాల పని," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అది ఇప్పటికీ నా లోపల ఉంది. తర్వాత, "వీధిలో అన్నాను ఆ మనిషిని. మా ఆవిడ ముందర," అన్నాడు.

ఆదివారం ఆయన కారు తీసినాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తడ మనిషి ఇంటి ముందర డాక్టరు చెప్పులు విడిచి, "నాది తప్పు. వీధిలో అన్నాను కాబట్టి వీధిలోనే చెప్తున్నా," అన్నాడు. పల్లె జనం చూస్తా ఉన్నారు. అతను డాక్టరుకు పీట వేసినాడు, నీళ్లిచ్చినాడు. నాకూ ఇచ్చినాడు, గ్లాసు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టినాడు.

"ఇంత దూరం వచ్చినారు. చాలు సార్," అన్నాడు.

"తొట్టి మళ్లీ నింపుదామని ఉండాది. నీళ్లు నువ్వే తెస్తే..."

"నీళ్లు సముద్రంవి సార్. ఎవురన్నా తెచ్చుకోవచ్చు. నేను తేను."

"నేను తెస్తాను సార్," అన్నాను నేను. అడిగినవాళ్లు లేరు. అయినా అన్నాను.

పది దినాలకు ఒక వ్యాను మాట్లాడుకొని, నేనే కడిగి ఎండబెట్టిన ఆరు డ్రమ్ములు వేసుకొని పోయినాను. ఒడ్డున ఎవరిని అడిగినా పడవ ఖాళీ లేదన్నారు. ఖాళీ పడవలు ఎదురుగానే ఉన్నాయి. పొద్దెక్కేదాకా డ్రమ్ముల పక్కన నిలబడినాను. చివరికి అన్న వచ్చినాడు. నన్నూ డ్రమ్ములనూ చూసి, "ఎక్కు," అన్నాడు. పడవ బురదలోంచి కదలలేదు. ఇద్దరం నెడతా ఉండగా వెనక నుంచి ఇంకో చెయ్యి పడింది. తమ్ముడు. అన్న తిరిగి చూడలేదు. వద్దనలేదు. పడవ నీళ్లలో తేలినాక తమ్ముడు ఒడ్డుకు తిరిగి పోయినాడు.

సరస్సు దాటి, మొగ దాటి, నీళ్లు నల్లబడేదాకా పోయినాం. నేను పడవ అంచు మీదికి వంగి కక్కినాను. ఆయన పడవ నిలిపి, కర్ర అడ్డం పెట్టి కూర్చున్నాడు. బకెట్టు ఆయన పక్కనే ఉంది. నేను దాని కోసం చెయ్యి చాచినాను. ఆయన కాలితో దాన్ని నా వైపు తోసినాడు.

"నువ్వే ముంచు. నేను డ్రమ్ము ముట్టను," అన్నాడు. "రేపు ఆడ ఏదన్నా చస్తే, ఆ నీళ్లలో నీ చెయ్యి ఒక్కటే పడుండాల."

ముంచినాను. ఆరు డ్రమ్ములు నిండేదాకా ముంచినాను. ఆయన చూస్తా కూర్చున్నాడు.